గడప బయట విన్న అక్షరాలు

శ్రీకాకుళం సాహిత్య సభల్లో మాట్లాడడం మానేసి చాలాకాలమైంది. వినడం మాత్రం మానలేకపోయాను. 2016 వేసవిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఆర్మేనియా గురించి గంటసేపు చెప్పాడు. ఆ దేశపు లిపిని తయారుచేసిన సన్యాసి సమాధి మీద చర్చి కట్టారట, పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి తొలి అక్షరాలు పలికిస్తారట. టూరులో తీసిన ఫొటోలు తెర మీద వేశాడు. అక్షరాలనే దేవుళ్ళుగా కొలిచే గుడి మన సీతంపేట కొండల్లో, సవర గిరిజనుల ఊళ్ళో ఉందట, చూశారా అని అడిగాను. "సవరలకి లిపేటి మేస్టారూ, మీరు మరీను" అన్నాడు. సభ నవ్వింది. ఒకప్పుడు నా వ్యాసాన్ని సంకలనం నుంచి తీయించినవాడూ ఇతనే. ఫొటో తెచ్చి అదే తెర మీద వేయించాలనుకున్నాను.

అక్కడ పూజ గురువారం. రాత్రి మిగిలిన నెత్తళ్ళ చేపల పులుసుతో చద్దన్నం తిని ఆరింటి బస్సెక్కాను. పాలకొండ మీదుగా సీతంపేటకు రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు అరవై లోపే. ఆపైన ఆటోయే గతి. రానూపోనూ నాలుగు వందలన్నవాడు మూడొందల యాభైకి దిగాడు.

"కొండమీద ఏటి పని మేస్టారూ?"

"అక్షరాలు చూడాలి."

"ఈ వయసులోనా? సిన్నప్పుడు బడెగ్గొట్టేరేటి?"

నేను నవ్వలేదు. దారికి అటూ ఇటూ జీడితోటలు, వాటి పైన పోడుకు కాల్చిన నల్లటి వాలులు. చివర కొంత దూరం నడిచే ఎక్కాలి. మోకాళ్ళు నమ్మకంగా ఉంటేనే రండి.

గుడి అంటే రేకుల కప్పు వేసిన ఒక్క గది. లోపల రాతి మీద చెక్కిన అక్షరాలు ఉంటాయట, ఒక్కో అక్షరం ఒక్కో దేవత. వీటిని నమ్మినవాళ్ళు సారా, మాంసం, చేప ముట్టరు. చనిపోయినవాళ్ళకు దున్నపోతును బలిచ్చే పాత ఆచారాన్నీ వదులుకోవాలి. పూజారి ఆదియ్య కళ్ళకు పొర కమ్మింది. నా అడుగుల చప్పుడు విని గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దుట ఏటి తిన్నావు బాబూ?"

చెప్పాను.

"అలాగయితే అరుగు మీద కూకో. నీసు తిన్నోలు గడప దాటరు."

"స్నానం చేసే వచ్చాను."

"కడుపులోన కూడా సేసినావేటి?"

అరుగు మీద అప్పటికే ఒకడు కూర్చున్నాడు. ఆదియ్య కొడుకు సింగన్న. పక్కనే కట్టేసిన దున్నపోతు. అతని భార్య కిందటి వానల్లో జ్వరంతో పోయింది. తండ్రి తర్వాత ఆ అక్షరాలు చదవగలిగినవాడు ఊళ్ళో ఇతనొక్కడే. పోతును ఆమె కోసం బలిస్తే ఇక ఆ గడప దాటలేడు.

"కల్లోకి వస్తాది బాబూ" అన్నాడు నాతో. "అక్కడ దున్నుకోడానికి పోతేదీ అని అడగతాది."

లోపలినుంచి ఆదియ్య అన్నాడు: "మీ యమ్మకి నాను ఇచ్చినానేటి?"

"అమ్మ నీకు కల్లోకి రాదేటి అయ్యా?"

"వస్తాది."

"ఏటంటాది?"

ఆదియ్య తలుపు మూసి, అక్షరాలు ఒక్కొక్కటే పలకడం మొదలుపెట్టాడు. ఒకచోట గొంతు ఆగిపోయింది. సింగన్న తల ఎత్తకుండానే తర్వాతి అక్షరం పలికాడు. లోపలి గొంతు దాన్ని అందుకుని చివరిదాకా వెళ్ళింది. అప్పుడు సింగన్న లేచి, పలుపు విప్పి, పోతును తోలుకుని ఊళ్ళోకి దిగిపోయాడు. తలుపు తీశాక ఆదియ్య అరుగు మీద చేత్తో తడిమి, "ఎల్లిపోనాడా?" అని అడిగాడు. వెళ్ళిపోయాడన్నాను.

తర్వాతి సభలో లెక్చరర్ అందరి ముందూ అడిగాడు: "చూశారా మేస్టారూ, మీ లిపి?" చూడలేదన్నాను. మళ్ళీ నవ్వారు. నా దగ్గరున్నది మూసిన తలుపు ఫొటో ఒక్కటే, దాన్ని వాళ్ళకు చూపించలేదు. అక్షరం కోసం తన ఇంట పోయిన మనిషిని పోతు లేకుండా ఉంచినవాడిని, ఉంచలేనివాడిని ఒకే అరుగు దగ్గర చూశాను. మనం అక్షరం కోసం శాలువాలు కప్పించుకోవడం తప్ప ఏమీ వదులుకోలేదు. ఆర్మేనియా చర్చి రాతిది, ఇంకా నిలుస్తుంది. ఇక్కడ నిలవాల్సింది ఒక ముసలి గొంతు.

వెళ్ళదలచుకున్నవారికి ఒకటే సూచన: ముందురోజు నుంచే నీసు మానండి, గురువారం పొద్దున్నే చేరండి. తలుపు తీసేవాడు ఇంకా ఉన్నాడో లేడో సీతంపేటలో అడిగాకే ఆటో ఎక్కండి.