లచ్చవ్వ బొంతలో సూది

2022 చలికాలం. జనగామ మార్కెట్ గల్లీలో మా కుట్టు దుకాణం. చేత్తో కుట్టిన బొంతలకు అంచులు కట్టడం నా పని. ఊళ్లలో ముసలమ్మలు పాత చీరలు పొరలుగా పేర్చి ఓపికగా దారం వేస్తారు కానీ, అంచుల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. ఆ అంచును గుడ్డపట్టీతో మూసి కుట్టేయడాన్నే బైండింగ్ అంటాం. పట్టీని ఐమూలగా కత్తిరిస్తే బయాస్. అది మూలల దగ్గర ముడత పడకుండా తిరుగుతుంది.

ఆ పొద్దున బచ్చన్నపేట నుంచి సుజాత అనే ఆమె ఒక చిన్న బొంత తెచ్చింది. కూతురికి కొడుకు పుట్టాడు, మర్నాడే తొట్టెలలో, అంటే ఉయ్యాలలో వేస్తారు. బొంత కుట్టింది సుజాత తల్లి లచ్చవ్వ.

"వద్దంటె ఇనదు రజియక్కా. కండ్లు సరిగ అవుపడయి. మెత్తటి పరుపు కొన్నం, అయినా గిదే ఎయ్యాలంటది. పొద్దుమీకి వస్త, జర కట్టిపెట్టు" అని సణుక్కుంటూ బజారుకు వెళ్లింది.

నేను మూడు వైపులు కట్టేశాను. ఇంతలో ఒక ముసలావిడ ఆటో దిగి, ఆయాసపడుతూ మెట్లెక్కింది.

"నేను లచ్చవ్వను బిడ్డా. సుజాత ఇచ్చిన బొంత నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నదవ్వా. కూసో, నీళ్లు తాగు."

"నీళ్లొద్దు. నా సూది అవుపడ్తలేదు."

కుడుతూ కుడుతూ మధ్యలో లేస్తే సూదిని బొంతకే గుచ్చి లేవడం ఈ వైపు ఆడవాళ్లకు అలవాటు. మా అమ్మీ కూడా అంతే. లచ్చవ్వ ఇల్లంతా ఊడ్చి, చాప దులిపి చూసిందట. ఎక్కడా లేదు. అంటే పసివాడి వీపు కిందికి పోయే బొంతలోనే ఉంది.

"సుజాతకు చెప్పకు బిడ్డా. చెప్తె ఇగ గిది అటక మీదికే. నా చీరల మీద వాడు పండుడు నేను చూడనే చూడ."

"సూది దొరకకపోతె నేనే ఇయ్యనవ్వా" అన్నాను కటువుగానే. భయమేస్తే నాకు నోరు ఆగదు.

నేల మీద పడ్డ సూదులు ఏరే అయస్కాంతం తెచ్చి బొంత మీద తిప్పాను. పొరలు మందం కదా, దానికేమీ అందలేదు. అరచేతులతో అంతటా నొక్కి చూశాను. తగల్లేదు. చివరికి సీమ్ రిప్పర్ తీశాను. అది కుట్లు విప్పే చిన్న పనిముట్టు. దాంతో నేను కట్టిన అంచులన్నీ విప్పేస్తే దారం ముక్కలు తప్ప ఏమీ రాలలేదు. ఇంకా వెతకాలంటే లచ్చవ్వ కుట్లే తెంపాలి. అవి తెంపితే మిగిలేవి పేలికలు. పొద్దు వాలుతోంది, సుజాత వచ్చే వేళవుతోంది.

లచ్చవ్వ బొంతను నేల మీద పరిచి, దాని మీద పడుకుంది.

"ఏం చేస్తున్నవే అవ్వా? లే!"

"వానికి గుచ్చేది నాకే గుచ్చనియ్యి."

అటు దొర్లింది, ఇటు దొర్లింది. చెంప ఆనించింది, మోచేతులు మోపి బరువంతా వేసింది. యా అల్లా! ఆమెకు ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఒక భయం, గుచ్చుకోకపోతే ఎలాగని ఇంకో భయం. సరిగ్గా అప్పుడే సుజాత సంచులతో గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా! ఏంది, గీడ పండినవ్?"

"అబ్బా!" అని అరిచింది లచ్చవ్వ. మోచేతి మీద రక్తపు చుక్క, ముఖం నిండా నవ్వు. "దొరికింది బిడ్డా, దొరికింది!"

పొరల మధ్య అడ్డంగా దూరిన సూది, ఒంటి బరువు పడితే గానీ మొన బయటపెట్టలేదు. దాన్ని లాగేసి, జరిగిందంతా సుజాతకు నేనే చెప్పాను. ఇక తల్లికీ నాకూ తిట్లు తప్పవనుకున్నాను. ఆమె సంచులు కింద పెట్టి, గాజులు పైకి తోసుకుంది.

"జరుగమ్మా. ఇంకోటి ఉన్నదేమో నేను కూడ చూస్త" అని తన చెంప ఆనించి బొంతంతా తడిమింది. లేచాక కళ్లు తుడుచుకుంది. "కట్టియ్యక్కా. మా మనుమడు దీని మీదనే పంటడు."

చేత్తో నొక్కితే చాలదు, మనిషి బరువు పడాలని నాకు ఆ రోజే తెలిసింది. ఇప్పుడు పిల్లల బొంత ఏది కట్టినా, మడిచి ఇచ్చే ముందు దుకాణం తలుపు దగ్గరగా వేసి దాని మీద దొర్లుతాను. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. "నేను పండి చూసిన, భయం లేదు బిడ్డా" అని ఆ తల్లికి చెప్పగలిగిన రోజే నాకు నిద్ర పడుతుంది.