ప్రశ్నపత్రంలో ఒంటె

నా నెత్తి మీద జుట్టు నిండుగా ఉండి, దాన్ని దువ్వుకోవడానికి బోలెడంత తీరిక కూడా ఉన్న ఆ రోజుల్లో, మా జహీరాబాద్‌లో కంప్యూటర్ చదువు చదివి ఇంట్లో కూర్చున్న కుర్రవాడికి రెండే దారులు కనిపించేవి. ఒకటి హైదరాబాద్ బస్సెక్కడం, రెండోది ఏదో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారు కావడం. నేను బస్సెక్కాను. హైదరాబాద్ నన్ను చూసి పెద్దగా ముచ్చటపడకపోవడంతో అదే రోడ్డున తిరిగొచ్చి రెండో దారి పట్టాను. చేరిన రోజే పెద్ద సార్ (మా హెడ్మాస్టరు గారిని ఊరంతా అలాగే పిలిచేది) నన్ను పైనుంచి కిందికి చూసి, "దసరా దాక నీ పని చూస్త బేటా. నచ్చితే పక్కా చేస్త. నచ్చకపోతే నీ దారి నీది, నా దారి నాది" అన్నారు. ఆ "పక్కా" అనే మాట కోసం న్యాల్‌కల్‌లో మా నాయన, బీదర్ దగ్గర నాకు పిల్లనిస్తామన్న కుటుంబం, వాళ్లిద్దరి మధ్య ఫోన్లు మోసే మా మేనమామ, అందరూ ఎదురుచూస్తున్నారు. పిల్ల తండ్రి ప్రతి వారం అడిగే ప్రశ్న ఒక్కటే: "అబ్బాయి నౌకరి పక్కా అయ్యిందా?"

పెద్ద సార్ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయనకు లోకంలో దేనిమీదైనా నమ్మకం ఉందంటే అది తాళం మీద మాత్రమే. ఆఫీసు గదికి తాళం, అందులో బీరువాకు తాళం, బీరువాలో చాక్‌పీసుల డబ్బాకు తాళం. వేసిన తాళాన్ని గుంజి చూసేవారు, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ గుంజేవారు, ఆ తర్వాత మా ఆఫీసు పెద్దమ్మను (బడిలో గంట కొట్టడం నుంచి కంప్యూటర్ ఆన్ చేయడం దాకా అన్నీ ఆమె పనులే) పిలిచి ఆమెతో కూడా గుంజించేవారు. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి నేను, పట్నంలో నేర్చుకున్న ఉత్సాహమంతా గొంతులోకి తెచ్చుకుని, "సార్, ఇగ నుంచి మన పరీక్ష పేపర్లు క్లౌడ్‌ల పెట్టుకుందం" అన్నాను.

"అంటే ఏడ?"

"వేరే ఊర్ల పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటయ్ సార్. మన కాయితాలు అండ్ల దాస్తం. మనం ఏడున్నా, ఫోన్ల గూడ తెరిచి చూడొచ్చు. లెక్కల సార్ ఇంట్ల కూసొని రాయొచ్చు, మీరు ఈడ కూసొని దిద్దొచ్చు."

ఆయన చాలాసేపు ఆలోచించి, "తాళంచెవి ఎవల దగ్గర ఉంటది?" అన్నారు.

పాస్‌వర్డ్ అనేది ఒకటి ఉంటుందనీ, అదే తాళంచెవి అనీ చెప్పి ఒప్పించేసరికి నా తాతలు దిగొచ్చారు. చివరికి ఆయన ఒప్పుకున్నది క్లౌడ్ మీది ప్రేమతో కాదు, బస్టాండు దగ్గరి టైపింగు దుకాణం మీది కోపంతో. అప్పటిదాకా లెక్కల సార్ చేత్తో రాసిచ్చిన ప్రశ్నపత్రాన్ని ఆ దుకాణంలో టైపు చేయించేవాళ్లం. దుకాణదారు మేనల్లుడు మా పదో తరగతిలోనే ఉండేవాడు, లెక్కల్లో తప్ప మిగతా అన్నిట్లో తప్పేవాడు. కాబట్టి క్లౌడ్ వచ్చింది. లెక్కల సార్ మాత్రం, "కాయితం జేబుల పెట్టుకుంటే జేబుల ఉంటది. గాలిల పెడితే ఎవనికన్న దొరుకుతది తమ్మీ" అని మొదటి రోజే అందరి ముందు చెప్పి, తన మాట గుర్తుంచుకొమ్మని తెలుగు మేడంకు అప్పజెప్పారు కూడా.

ఇక్కడ నేను చేసిన తెలివైన పని ఒకటుంది. టీచర్లకు ప్రతిసారీ పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికి వెళ్లడం చేతకావడం లేదు. తెలుగు మేడం పాస్‌వర్డ్ మరిచిపోయిన ప్రతిసారీ నా క్లాసు ఆగిపోతోంది. అందుకని, లింకు ఉన్నవాళ్లెవరైనా తెరుచుకోవచ్చు అని పెట్టేశాను. అలా పేరు చెప్పకుండా వచ్చినవాళ్లను ఆ క్లౌడు వాళ్లు ఏదో ఒక జంతువు బొమ్మతో చూపిస్తారు. పేజీ పైన చిన్న గుండ్రం, అందులో ఏ నక్కో, కప్పో. ఇది నాకు తెలుసు. మిగతావాళ్లకు చెప్పాలన్న ఆలోచన రాలేదు. ఇక పెద్ద సార్ ఆఫీసు కంప్యూటర్‌లో తన పేరుతో లాగిన్ కావడానికి ససేమిరా అన్నారు. "పేరు పెట్టి పోతే తాళంచెవి దర్వాజకే పెట్టి పోయినట్టు" అని ఆయన వాదన. ఫోన్‌లో మాత్రం అల్లుడు ఎప్పుడో లాగిన్ చేసిపెట్టాడు, దాన్ని ఎలా తీసేయాలో తెలియక ఊరుకున్నారు.

దసరా ముందు పరీక్షలు. మర్నాడు పొద్దున పదో తరగతి లెక్కల పేపరు. దాని ముందు రోజు టీ వేళకు మేమంతా స్టాఫ్ రూములో ఉన్నాం. పెద్ద సార్ అప్పటిదాకా ఆఫీసులో కూర్చుని పేపరు సరిచూసి, ఆఫీసుకు తాళం వేసి, గుంజి, మళ్లీ గుంజి, మా దగ్గరికొచ్చి టీ గ్లాసు అందుకున్నారు. ఒకసారి ఫోన్‌లో కూడా చూసుకుందామని పేపరు తెరిచారు. మరుక్షణం గ్లాసు కింద పెట్టేశారు.

"బేటా, గిదేంది? మన పేపర్ల ఒంటె ఉన్నది."

నేను పరుగున నా ల్యాప్‌టాప్ తెరిచాను (వైఫై స్టాఫ్ రూము దాకా రాదు కాబట్టి నా ఫోన్ నెట్‌తో). నిజమే. ప్రశ్నపత్రం పైన గుండ్రంలో మెడ చాచిన ఒంటె. దాని కర్సర్ గీత అయిదో ప్రశ్న దగ్గర నిలబడి ఉంది. కదలడం లేదు. పేరు లేనివాడెవడో లోపల ఉన్నాడనడానికి అదే గుర్తని నేను చెప్పాను.

"కదుల్తలేదంటే రాసుకుంటుండు" అన్నారు లెక్కల సార్, అయిదో ప్రశ్న తనకెంత ఇష్టమైనదో గుర్తొచ్చి కళ్లు మూసుకుంటూ. "నేను మొదాలే చెప్పిన. మేడం, చెప్పిన్నా లేదా?"

"చెప్పిన్రు" అన్నారు తెలుగు మేడం, సాక్షిలాగా.

పెద్ద సార్ ఫోన్‌ను జేబులో పెట్టేసి, "పేపర్ బైటికి పోయిందంటే పరీక్ష ఆపాలె. తల్లిదండ్రులకు ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె? ఈ క్లౌడూ గిలౌడూ ఇయ్యాల్టితో బంద్" అన్నారు. తర్వాత నా వైపు చూశారు. ఏమీ అనలేదు. ఆ అననిది నాకు స్పష్టంగా వినిపించింది. అందులో న్యాల్‌కల్ ఉంది, బీదర్ ఉంది, మా మేనమామ ఫోన్ కూడా ఉంది.

"జర టైమియ్యండ్రి సార్, ఆ ఒంటె ఎవలో పట్టుకుంట" అని బయల్దేరాను. నాకొచ్చిన మొదటి ఆలోచన, ఇది మనవాళ్లలోనే ఎవరో పేరు పెట్టకుండా తెరిచి ఉంటారని. అది సరైన ఆలోచనే. అడిగిన తీరే బాగాలేదు. తెలుగు మేడం దగ్గరికి వెళ్లి, వినయంగానే, "మేడం, ఒంటె మీరేనా?" అన్నాను. ఆమె కాస్త పొడగరి. "ఏం తమ్మీ, మంచిగనే ఉన్నవ్ గదా, ఏమైంది నీకు?" అని కొంగు భుజం మీదికి లాక్కుని, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తర్వాత వరండా వెంట వెళ్లి తరగతి తరగతిలో టీచర్లను తలుపు దగ్గరికి పిలిచి అడిగాను. పిల్లలు బెంచీల మీంచి మెడలు చాచి వింటున్నారు. ఎనిమిదో తరగతి పిల్లొకతి లేచి, "సార్, ఎవల ఒంటె పోయింది?" అని అడిగింది, పాపం ఎంతో జాలిగా.

ఒట్టి చేతులతో తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నా ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి పేపరు మాత్రం తెరిచే ఉంది. చూస్తుండగానే ఒంటె మాయమైంది.

"పోయింది సార్! ఒంటె పోయింది!"

స్టాఫ్ రూములో ఊపిరి పీల్చుకున్నారు. తెలుగు మేడం (నాతో కాదు, గోడతో) ఒక అనుమానం చెప్పారు. "కరెంటు పోంగనే దొంగ గూడ పోయిండంటే, వాని ఇల్లు మన లైన్ల ఉన్నట్టే గదా." లెక్కల సార్ వెంటనే మా కరెంటు లైన్లో ఉన్న ఇళ్లు లెక్కపెట్టడం మొదలెట్టి టైపింగు దుకాణం దాకా వచ్చారు. పెద్ద సార్ చెప్పులేసుకుని ఆ దుకాణం మీదికి వెళ్లబోయారు. ఇంతలో కరెంటు వచ్చింది. ఆయన అలవాటుగా జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, "పెద్దమ్మా, పోయి కంప్యూటర్ ఆన్ చెయ్" అని ఇచ్చారు. పెద్దమ్మ వెళ్లింది. నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. కాసేపటికి పేజీ పైన గుండ్రం, గుండ్రంలో మెడ చాచిన ఒంటె. మొదటి ప్రశ్న దగ్గర.

"మల్ల మొదటి నుంచి రాసుకుంటుండు!" అని లెక్కల సార్ కూలబడ్డారు.

నా బుర్రలో మాత్రం అప్పుడు వెలిగింది. వరండాలోకి జారుకుని ఆఫీసు కిటికీలోంచి చూశాను. పెద్దమ్మ మీట నొక్కి, పెద్ద సార్ నేర్పినట్టే కంప్యూటర్ అడిగినదానికల్లా "సరే" అని నొక్కేసి, బల్ల తుడుస్తోంది. పాత పేజీ మళ్లీ తెరుచుకుంది. తెర నిండా మా పదో తరగతి లెక్కల పేపరు. టీ వేళ నుంచీ అలాగే ఉంది. పేరు పెట్టకుండా తెరిచి, మూయకుండా, గదికి మాత్రం తాళం వేసి వచ్చిన మనిషి ఎవరో ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా కష్టం ఇంకో రకం. చెప్పకపోతే పరీక్ష పోతుంది, దానితో నా నౌకరీ పోతుంది. అందరి ముందూ "సార్, ఆ ఒంటె మీరే" అంటే పరీక్ష ఉంటుంది, నేనుండను. ఆలోచించి ఆలోచించి, పెద్ద సార్ దగ్గరికెళ్లి, "సార్, మీరు ఆఫీసుల కూసొని మన పేపర్ల ఏదన్న ఒక్క అక్షరం కొట్టండ్రి. దొంగను పట్టే ఉపాయం ఒకటున్నది" అన్నాను. ఆయన హుషారుగా వెళ్లి కూర్చున్నారు. మధ్యలో వరండాయే కాబట్టి కేకేస్తే వినపడుతుంది. మిగతావాళ్లంతా నా ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు.

"కొట్టాల్నా?" అన్నారు లోపల్నుంచి.

"కొట్టండ్రి సార్!"

ఒంటె కదిలింది. స్టాఫ్ రూమంతా హోరెత్తింది. "కదిలింది సార్! ఒంటె కదిలింది!"

"పట్టుకోండ్రి దాన్ని! ఎటు పోతున్నది?"

లెక్కల సార్ మొట్టమొదట అర్థం చేసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు తప్పలేదు. "మీరు ఎటు పోతే అటే పోతున్నది సార్!"

కాసేపటికి ఒంటె ఒక అక్షరం కుడికి జరిగింది. ఆగింది. ఎడమకి జరిగింది. మళ్లీ కుడికి. (ఆయన తాళం గుంజి చూసుకున్నట్టే చూసుకుంటున్నారని నాకు తర్వాత తట్టింది.) ఆ తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు. వరండాలో చెప్పుల చప్పుడు. పెద్ద సార్ గుమ్మంలో నిలబడ్డారు. మేమందరం గోడల వైపు, ఫ్యాను వైపు, టీ గ్లాసుల వైపు చూస్తున్నాం.

"అయితే పేపర్ బైటికి పోలే."

"పోలే సార్."

"పరీక్ష పెట్టుకోవచ్చు."

"పెట్టుకోవచ్చు సార్."

ఆయన మీసం ఒక పక్కన వణకడం మొదలైంది. కోపమనుకున్నాను. అది నవ్వు. గుమ్మం పట్టుకుని, భుజాలు ఊగిపోయేలా, కళ్లనీళ్లు కారేలా నవ్వారు. నా జీవితంలో ఒక పెద్దమనిషి తన మీద తాను అంత హాయిగా నవ్వుకోవడం అదే మొదటిసారి చూడటం. ఆయన నవ్వాక మాకూ సెలవు దొరికినట్టయింది. తెలుగు మేడం నాతో మాట్లాడనని పెట్టుకున్న పంతం మరిచిపోయి నా వీపు మీద ఒకటేశారు.

పరీక్ష మర్నాడు పొద్దున్నే జరిగింది. ప్రశ్నపత్రం ఇస్తూ ఇస్తూ పెద్ద సార్ నా చెవిలో, "నౌకరి పక్కా. గాని గా లింకు ఎవలకు వడితే వాళ్లకు తెరుచుకోకుండ చెయ్" అన్నారు. అదే రోజు మేనమామ ఫోన్ మోగింది. ఇంకో సంగతి కూడా ఆ రోజే పక్కా అయింది. వరండా పొడుగునా "ఒంటె, ఒంటె" అన్న కేకలు పిల్లలంతా విన్నారు. ఆ పేరు పెద్ద సార్‌కు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పేరు మాత్రం వృథా పోకూడదు కదా, ఉన్నవాళ్లలో చిన్నవాణ్ని నేనే కాబట్టి నాకొచ్చింది. నా పెళ్లిలో మా పదో తరగతి కుర్రాళ్లు బహుమతి మీద "ఒంటె సార్‌కు" అని రాసిచ్చారు. బీదర్ చుట్టాలకు దాని కథ చెప్పలేక చచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ కోపమొస్తే ఆ పేరుతోనే పిలుస్తుంది, సంతోషమొస్తే కూడా.

కొన్నేళ్లకు పెద్ద సార్ పని మానుకున్నారు, ఇప్పుడు ఝరాసంగం దగ్గర తన చేను చూసుకుంటూ ఉన్నారు. వెళ్లేటప్పుడు తాళంచెవుల గుత్తి కొత్తాయనకు అప్పజెప్పి, నన్ను పక్కకు పిలిచి, "బేటా, నువ్వు పిల్లలకు రాసే పాఠాల లింకు నాకూ పంపు. ఊకెనే చూస్త" అన్నారు. బడి బయట ఎవరికీ ఇవ్వను కానీ, ఆయనకొక్కరికి పేరు అడగని లింకు పెట్టిచ్చాను. అప్పట్నుంచీ పొద్దున్నే నేను పాఠం తెరిస్తే పైన గుండ్రంలో ఏదో ఒక జంతువు కూర్చుని ఉంటుంది. ఒకరోజు కప్ప, ఒకరోజు నక్క, ఒకరోజు తాబేలు. మెల్లగా పంక్తి పంక్తికీ జరుగుతుంది. నేను దాన్ని పలకరించను, అది నన్ను పలకరించదు. ఇద్దరం కాసేపు ఒకే కాగితం మీద ఉంటాం, అంతే.

మొన్నామధ్య కొన్నాళ్లు ఏ జంతువూ రాలేదు. పాఠం తెరవడం, పైన ఖాళీగా చూడటం, పాఠం చెప్పబుద్ధి కాకపోవడం. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"సార్, బాగున్నరా?"

"కన్నుకు ఆపరేషన్ అయింది బేటా, దవాఖానల ఉంటి. ఫికర్ చెయ్యకు, ఇంటికొచ్చిన. ఇంట్లోల్లకు తప్ప ఎవలకూ చెప్పలే, నీకెట్ల తెలిసింది?"

"ఒంటె కనవడ్తలేదు సార్."

అటువైపు నుంచి ఆ పాత నవ్వే వినిపించింది, ఈసారి కాస్త మెల్లగా, కట్టు కట్టిన కంటికి నొప్పి కలగకుండా. ఒకప్పుడు ఆ గుండ్రం ఎప్పుడు మాయమవుతుందా అని చెమటలు కక్కినవాణ్ని, ఆ మరుసటి వారమంతా పొద్దున్నే లేచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అది ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఉన్నాను. అది ఆదివారం పొద్దున వచ్చింది. ఆ రోజు బడే లేదు.