రెండు నక్షత్రాల మధ్య

నాందేడ్‌లో మా తెలుగు సంఘం కార్యదర్శి నోటీసులన్నీ వర్డ్‌లో కాకుండా సాదా టెక్స్ట్‌లో టైపు చేసేవాడు. ముఖ్యమైన మాటకు, చివర తన పేరుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టేవాడు. మాట్లాడేటప్పుడు కూడా అలాంటి మాటకు రెండు వైపులా గాలిని గిల్లేవాడు.

“ఈ స్టార్లేంది కాకా? వర్డ్‌ల పంపుండ్రి,” అనేవాణ్ని.

“మీ కొత్త వర్డ్ మన ధర్మాబాద్ శాఖోళ్ల పాత కంప్యూటర్ల తెరుచుకోదు. ఇది యాడైనా తెరుచుకుంటది.”

ఆ గుర్తుల్ని బోల్డ్ అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం కూడా ఇచ్చాడు. నేను వాడనే లేదు.

ఆయన పోయాక శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కోసం, పేరులో తప్పు దొర్లకూడదని, ఆయన నోటీసు ఫైల్లోంచే తీసిచ్చాను. దుకాణంలో ఉన్నదున్నట్టే అచ్చేశారు. చౌరస్తాలో ఆయన పేరు రెండు నక్షత్రాల మధ్య వేలాడింది.

“ఈ స్టార్లేంది?” అని ఎవరో అడిగారు.

చెప్పబోయి, ఆయనలాగే గాలిని రెండు వైపులా గిల్లాను.