దుప్పటి ముడి

మా వీధిలో ఆమెను అందరం వార్డక్క అంటాం. నగరంలో మానసిక రోగుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా ఆయాగా చేసింది. రోగులు కొరికిన గుర్తులు మోచేతుల మీద ఇంకా ఉన్నాయి. ఎవరైనా పెళ్లి ఊసెత్తితే, రోజంతా మనుషుల్ని పట్టుకుని పడుకోబెట్టి వస్తున్నా, ఇంట్లో ఇంకొకణ్ణి పట్టుకునే ఓపిక లేదనేది.

లారీ మెకానిక్కయిన తమ్ముడే పట్టుబట్టి ఆమెను పిలిపించుకున్నాడు. ఉన్న ఊరు కన్నతల్లి అన్నారు, వచ్చి మాతో ఉండు, నా కూతుర్ని నువ్వే పెంచుదువుగాని అన్నాడు. ఆమెకు కావలసిందీ అదే: అరుపులు లేని ఇల్లు, చుట్టూ తనవాళ్లు. ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఇక ఎవరి చేతులూ కట్టనని ఒట్టు కూడా పెట్టుకుంది.

పెనం మీంచి పొయ్యిలో పడింది. ఆ తమ్ముణ్ణి ఊరంతా బంగారమంటుంది. అనదూ మరి, వాడితో కాపురం చేసేది ఊరు కాదుగా! మరదలి ముంజేయి వంకరగా అతుక్కుని ఉండటం ఆమె మొదటిరోజే చూసింది. జారిపడ్డానంది మరదలు. తమ్ముణ్ణి నిలదీస్తే ఇంకెప్పుడూ చెయ్యెత్తనని ఏడ్చి కాళ్లు పట్టుకున్నాడు. వాడంటే ఆమెకు ప్రాణం, నమ్మింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నంలో వెంట్రుక వచ్చింది. అంతే. కంచం గోడకేసి కొట్టాడు. భార్య జుట్టు పట్టి తలను గడపకేసి బాదాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది. అడ్డొచ్చిన కూతుర్ని కాలితో తన్నితే పిల్ల మంచం కోడుకు తగిలి ముద్దలా పడింది. పానా చేతిలోకి తీసుకున్నాడు. వద్దురా అంటూ అక్క మధ్యకు వెళితే దెబ్బ దవడ మీద పడి పన్ను ఊడింది. మా వీధికి చెవులున్నాయి గానీ కాళ్లు లేవు. నా ఆటో ఆపి నేను పరుగెత్తేసరికి గుమ్మం దాకా నెత్తురే.

వార్డక్క మంచం మీది దుప్పటి లాగి వెనకనుంచి వాడి తల మీద వేసి, మోకాలి వెనక తన్నింది. బోర్లా పడ్డవాడి వీపు మీద మోకాలు మోపి, చేతులు వెనక్కి విరిచింది. భుజం పటుక్కుమంది. చచ్చిపోతున్నా వదలక్కా అని అరిచాడు. వదల్లేదు. ఇంకో దుప్పటితో ముడేసి, మొహం మీది గుడ్డ తీసి, ఊపిరాడేలా పక్కకు తిప్పింది.

మరదలు తువ్వాలు నుదుటికి అదుముకుని దగ్గరికొచ్చింది. "ఆ ముడి నాకూ నేర్పండి వదినా."

వార్డక్కకు అప్పుడు ఏడుపొచ్చింది. తాను ఏది వదిలేసి వచ్చిందో ఆ వార్డునే మరదలు ఇంట్లో పెట్టుకుని బతుకుతానంటోంది.

"నేర్చుకోకు. పాపని తీసుకుని వెళ్లిపో. ముందు ఆసుపత్రికి, అట్నించి బస్సుకి." నగరంలో తాను ఖాళీ చేసిన గదిలోకి ఇంకా ఎవరూ దిగలేదు. తాళం తోటి ఆయా దగ్గరుంది. "ఆ వీధిలోనూ అరుపులుంటాయి. నీ మీద కాదు."

"మరి మీరు?"

"చేతులు కట్టేసిన మనిషిని ఒంటరిగా వదలకూడదమ్మా."

పోలీసులకు ఫోన్ చేసి, తల్లీకూతుళ్లను నేనే ఆటో ఎక్కించాను. అత్త ఎప్పుడొస్తుందని పాప అడుగుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, వార్డక్క తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోస్తోంది. తనవాళ్లకోసం వచ్చిన ఆ ఇంట్లో ఆమెకు వాడొక్కడే మిగిలాడు.