హిల్యా వదిన సన్న టైర్లు

మా హిల్యా వదినకి అప్పటికి అరవై రెండేళ్లు. మా అన్న ఓన్ని చనిపోయినప్పటి నుంచి, అంటే పంతొమ్మిదేళ్లుగా, తన సొంత పికప్ ట్రక్కులో కివికో కొండ మీదికి టపా మోస్తోంది. ఆదివారం తప్ప సెలవు లేదు. నాకు నోరు ఎక్కువ, ఆమెకి పట్టుదల ఎక్కువ. మా ఇద్దరికీ క్షణం పడదు, అలాగని నాలుగు రోజులు చూడకపోతే తోచదు.

ఆ ఏడాది కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు ఆమెని పిలిచి ఒక మాట చెప్పాడు. మార్చి నెలాఖరులోగా మూడు రోజులు కొండ మీదికి టపా వెళ్లకపోతే, పైనున్న పన్నెండు ఇళ్ల ఉత్తరాల పెట్టెలూ పీకించి కింద పెద్దరోడ్డు పక్కన పాతిస్తానన్నాడు. పైవాళ్లలో సగంమంది చేతికర్ర లేనిదే నడవలేరు. చిట్టచివరి ఇంటి లెంపీకి గుండె మందులు కూడా టపాలోనే వస్తాయి. నవంబరులో పడ్డ మొదటి మంచుకే వదిన పాత టైర్లు రెండుసార్లు చేతులెత్తేశాయి. ఇంకొక్క రోజు తప్పితే పెట్టెలు పోయినట్టే.

ఆ శనివారం ఊరి ఆవిరిస్నానాల గదిలో చెమటలు కక్కుతూ మగాళ్లందరం ఆమెకి ఏ టైర్లు కావాలో తేల్చేశాం, ఆమెని అడక్కుండానే. మావాళ్ల దృష్టిలో వెడల్పాటి, పెద్ద పెద్ద బొడిపెలున్న బురద టైర్లు ఉంటేనే అది ట్రక్కు. నేనూ అవే వేయించుకుని, పనున్నా లేకపోయినా ఊరంతా తిరుగుతున్న రోజులవి.

సోమవారం టైర్ల కొట్టుకి నేనూ వెంట వెళ్లాను. కొట్టు యజమాని డెల్బర్ట్ నావైపు చూసే మాట్లాడాడు. వదిన మాత్రం మూలనున్న సన్నటి టైరు ముందు ఆగింది. నేలకి ఆనే భాగం నిండా కత్తితో గీసినట్టు చీలికలు, పక్కన కొండబొమ్మలో మంచురేకు గుర్తు, గట్టి మంచులోనూ పట్టు వదలదని పరీక్షించి వేసే ముద్ర.

"ఇవి కూరగాయల బండికి వేసుకుంటారు వదినా," అన్నాను.

"నీ నాలుకకి వేయించినా బాగుండేది, జారకుండా ఉండేది," అంది. అప్పుడు నెమ్మదిగా విషయం చెప్పింది. "పోయిన చలికాలమంతా కొండ దారిలో దిగి చక్రాల గుర్తులు చూశాను రేనో. మీ వెడల్పు టైర్లన్నీ మంచు మీద తేలి పక్కకి పోయాయి. బొడిపెల మధ్య మంచు కూరుకుపోతే అవి నున్నటి టైర్లే. స్కూలు బస్సు సన్న చక్రాలే మంచుని కోసుకుని నేలని పట్టుకున్నాయి."

అయితే చలికాలానికో జత, ఎండాకాలానికో జత పెట్టుకోమన్నాడు డెల్బర్ట్. మే నెలలోనూ మంచు పడే ఊళ్లో ఏ తారీఖున మారుస్తామని అడిగింది. మెత్తటి చలికాలపు టైర్లయితే జూలై కంకర రోడ్డు మీద ఊరికే అరిగిపోతాయట. ఆ మంచురేకు గుర్తుండి, ఎండకి తట్టుకునే రబ్బరు కావాలంది. డెల్బర్ట్ మూలనున్న ఆ సన్న టైర్లే బయటికి తీసి, జాకీ తెచ్చాడు. నేను మాత్రం ఆవిరిగదిలో రెండు నెలలపాటు ఆమె టైర్ల మీద జోకులేస్తూనే ఉన్నాను.

జనవరిలో ఒక శనివారం వదిన టపా ఇచ్చి వచ్చాక మొదలై రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. మూడో రోజు పొద్దున మంచు తోసే బండి ఇంకా రాలేదు. ముందు నేను వెళ్లి వదినకి దారి చేద్దామనుకున్నాను. అందులో సగం ప్రేమ, సగం గొప్ప. సగం కొండ ఎక్కాక మలుపులో నా ట్రక్కు పక్కకి జారి, తీరిగ్గా గోతిలో కూర్చుంది.

కాసేపటికి ఆమె ట్రక్కు వచ్చింది. తొందర లేదు, తొట్రుపాటు లేదు. నేను రెండు చేతులూ ఊపాను. ఆమె ఆపకుండానే కిటికీ దించింది.

"కదలకుండా కూర్చో రేనో. ఇక్కడ ఆగానంటే మళ్లీ ఎక్కలేను. దిగేటప్పుడు ఎక్కించుకుంటా."

ఒళ్లు మండింది. సొంత మరిది గోతిలో పడుంటే ఆగని మనిషి మనిషేనా అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆమె చక్రాల గుర్తులు చూశాను. ఎక్కడా వంకర లేకుండా పైకి సాగిపోయాయి.

పెట్టెలు మంచులో పూడుకుపోయిన రోజుల్లో వదిన ప్రతి ఇంటి ముందూ ఒకసారి హారన్ కొడుతుంది, ఇంట్లోవాళ్లు వచ్చి చేతికే అందుకుంటారు. మొదటి హారన్ వినపడింది. తర్వాత రెండోది. లెక్కపెట్టడం మొదలుపెట్టాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. తొమ్మిదో హారన్ తర్వాత ఏమీ లేదు. అక్కడి నుంచి దారి నిట్టనిలువు. ట్రక్కు దిగి, టోపీ తీసేసి, చెవులు గడ్డకడుతున్నా అలాగే నిలబడ్డాను. నా కోసం కూడా దేవుణ్ని అంతగా ఏదీ అడగలేదు. పదోది మోగింది. పదకొండు. ఆ తర్వాత లెంపీ ఇంటి ముందు పన్నెండోది. ఒక్కసారే కొట్టే మనిషి ఈసారి వదలకుండా కొట్టింది. నడుంలోతు మంచులో నిలబడి ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను. ఏడ్చాను కూడా.

దిగి వచ్చాక, ముందు సీటు నిండా ఖాళీ టపా పెట్టెలున్నాయని నన్ను వెనక ఎక్కమంది. నడివీధిలో కాఫీ కొట్టు ముందు కావాలనే ట్రక్కు నెమ్మది చేసింది. మావాళ్లంతా బయటికి వచ్చి, మంచుముద్దలా ఉన్న నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"పన్నెండు ఇళ్లకీ ఇచ్చేసింది మా వదిన!" అని అరిచాను.

నవ్వులు ఆగిపోయాయి. డెల్బర్ట్ రోడ్డు మీదికి వచ్చి, వంగి ఆమె టైర్లకేసి చూశాడు. ఆ మార్చి దాకా ఇంకొక్క రోజు కూడా తప్పలేదు, పెట్టెలు ఈనాటికీ కొండ మీదే ఉన్నాయి.