లేచిన పాలపిట్టే లెక్క

ఈ దసరా పొద్దున మా ఇంటి ముందు కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది. చాయ్ గ్లాసుతో నిలబడి చాలాసేపు చూశాను. అది లేవలేదు. లోపలికి పోదామంటే కాళ్లు కదలలేదు. పండుగనాడు పాలపిట్టను చూస్తే శుభమే గానీ, ఎగరంగ చూడకపోతే లెక్కలోకి రాదని పోరు పెట్టే మా అక్క గుర్తొచ్చింది. అక్క పోయి ఇంకా ఏడాది నిండలేదు. పోయినవాళ్ల మీద విసుక్కోకూడదంటారు. నాకైతే ఇంకా విసుగే.

ఆ విసుగు ఏళ్ల కిందటిది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తూ బస్సులు బందైన దసరా అది. నేను మానుకోటలో అక్క ఇంట్లో ఉన్నాను. అక్క కొడుకు రైల్ రోకోలో పట్టుబడి జైల్లో ఉన్నాడు. వాడికి పిట్టల పిచ్చి. ఏటా పండుగనాడు తల్లిని పొలాల్లోకి తీసుకెళ్లి దుర్భిణిలో పాలపిట్టను చూపించేవాడు. కూర్చున్నప్పుడు అది మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితేనే ఆ నీలమంతా బయటపడుతుంది. అందుకే లేస్తేనే చూసినట్టని నియమం పెట్టిందీ వాడే. ఆ ఏడు దుర్భిణి అక్క మెడలో వేలాడింది. పిట్ట కనబడితే కొడుకుకు బెయిలు వస్తుందని మనసులో గట్టిగా పెట్టుకుంది. కనబడేదాకా ముద్ద ముట్టనంది. ఆమెకు షుగరు. ఆటో మాట్లాడుకుని తెల్లారేసరికి చెరువు కట్ట మీద ఉన్నాం.

ఆటో అతను ముందుగా లకుముకిపిట్టను చూపించాడు. "గిది గూడ నీలంగనే ఉన్నది గద పెద్దమ్మా, దండం పెట్టుకోరాదు."

"పాలపిట్టకు అంత పొడుగు ముక్కుంటదా? నీ ఆటో నువ్వు చూస్కో" అంది అక్క.

తరువాత తుమ్మ కొమ్మ మీద నిజంగానే పాలపిట్ట దొరికింది. ఎండెక్కేదాకా అది కదల్లేదు. అతను చప్పట్లు కొట్టబోతే అక్క ఆపింది. "ఎగరగొడితె ఏం లాభం? దానంతట అది లేవాలె." దుర్భిణి అద్దాలకు పట్టిన చెమటను ఆమె కొంగుతో తుడుస్తుంటే, దాహమని నేను నీళ్ల సీసా కోసం తిరిగాను. మళ్లీ చూసేసరికి కొమ్మ ఖాళీ. ఇక గంగారం అడవికి పోదామంది. అది పొలాల్లో, తీగల మీద తిరిగే పిట్ట, దట్టమైన అడవిలో దొరకదని పుస్తకంలో చదివానన్నాను.

"నీ పుస్తకం పిట్ట చదివిందా?"

అడవిలో ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టును కొట్టడం తప్ప ఏమీ లేదు. అక్క పెదవులు ఎండిపోయాయి, అయినా దుర్భిణి దించలేదు. తిట్టాను, బతిమాలాను, మళ్లీ తిట్టాను.

తిరుగు దారిలో సమ్మెవాళ్ల వంటావార్పు ఎదురైంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అన్నం, పప్పు వండి, వచ్చిన వాళ్లందరినీ కూర్చోబెడుతున్నారు. ఒకామె అక్క ముందు విస్తరి వేసి వడ్డించింది. అక్క ముట్టలేదు. పక్కన పత్తి చేను మీది తీగపై పాలపిట్ట ఉంది. నేను చూపించేలోపే డప్పు మోగింది. పిట్ట లేచింది. ఒంటినిండా నీలం. అక్క మాత్రం తలవంచుకుని, గాలికి ఎగిరే విస్తరిని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"అక్కా, లేచింది!"

"ఏది?" తలెత్తేసరికి తీగ ఖాళీ. నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది.

"నువ్వు చూసినవా?"

"చూసిన. డప్పుకు లేచింది, దానంతట అది కాదు" అన్నాను కసిగా.

"మన డప్పే గద. నువ్వు చూస్తె నేను చూసినట్టే" అని అన్నం కలుపుకుంది. పొద్దున్నుంచి మా ప్రాణాలు తీసిన నియమాలన్నిటినీ మొదటి ముద్దతోనే మింగేసింది.

పండుగ వెళ్లాక బెయిలు వచ్చింది. పిట్ట వల్ల కాదని ఎన్నిసార్లు చెప్పినా అక్క ఒప్పుకోలేదు.

ఆ కొడుకు ఇప్పుడు చిట్యాలలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ పొద్దున నేను తీగ కింద నిలబడి ఉండగానే ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, కనబడ్డదా?"

"కనబడ్డది. లేస్తలేదు."

"లోపలికి పోకు. అట్లనే ఉండు."

ఇద్దరం ఫోన్ పట్టుకుని ఎదురుచూశాం. చాయ్ చల్లారింది. చివరికి అది లేచింది.

"లేచిందిరా."

"అయితే నేను చూసినట్టే" అన్నాడు.

ఏళ్లు గడిచాయి, అక్క కూడా పోయింది. దసరా పొద్దున నన్ను ఇట్లా నిలబెట్టడం మాత్రం ఆమె మానలేదు.