అర్బాబ్ బండి, నా పళ్ళ లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు చాలా ఉన్నాయి, ఏటికేడూ పెరుగుతున్నాయి కూడా. "ఆ రోజుల్లో" అన్నానని నన్ను ముసలివాడనుకునేరు. కరోనా వచ్చిన రెండో ఏడు మాట ఇది, మనుషులు సగం ముఖాలతో తిరుగుతున్న కాలం. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మెకానికల్ డిప్లొమా చేతికొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, అబుదాబి ముసఫ్ఫాలోని గ్యారేజీలో చేరేసరికి వాళ్ళంతా నాకోసమే ఎదురుచూస్తుంటారనుకున్నాను. వాళ్ళు నాకిచ్చిన పని బండ్ల కింద పడుకుని పాత ఆయిల్ దించడం. నా చదువుకి జరుగుతున్న అన్యాయం గురించి ఆలోచిస్తూ దించేవాణ్ణి. ఒక్కోసారి ఆ ఆలోచనలో పడి ముఖం పక్కకి తిప్పుకోవడం మరిచిపోయేవాణ్ణి. (మాస్కు వల్ల లాభాలు డాక్టర్లు చెప్పినవాటికన్నా ఎక్కువే.) డిప్లొమా సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడంతో అందరూ నన్ను "ఇంజినీరూ" అని పిలవడం మొదలుపెట్టారు. అది గౌరవమేనని చాన్నాళ్ళు అనుకున్నాను.

గ్యారేజీలో పాత బండ్ల పనంతా బాబాయి చూసేవాడు. బాబాయంటే నాకు చుట్టం కాదు. కోనసీమ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, తెలుగువాళ్ళందరికీ బాబాయే. ఆయనకి తొందరన్నది తెలియదు. నట్టు విప్పేముందు దాన్ని కాసేపు చూసేవాడు, దాని కష్టసుఖాలు కనుక్కుంటున్నట్టు. నేనైతే ఈలోపు మూడు విప్పి, ఒకటి పోగొట్టి ఉండేవాణ్ణి.

ఒకరోజు ఆ గ్యారేజీకి అర్బాబ్ వచ్చాడు. ఇక్కడ యజమానినీ పెద్దమనిషినీ అలా అంటారు. డెబ్బై దాటిన ఎమిరాతీ, కాళ్ళదాకా వేలాడే తెల్లటి కందూరా, చేతిలో జపమాల, నోట్లో మన పాతబస్తీవాళ్ళకి సగం అర్థమయ్యే హిందీ. ఆయన తెచ్చిన బండి మా నాన్నకన్నా పెద్దది వయసులో. అమెరికాలో తయారైన రెండు తలుపుల కారు, బానెట్ మీద నులకమంచం వేసుకుని పడుకోవచ్చు. పెళ్ళైన కొత్తలో అందులోనే భార్యని అల్ ఐన్ అనే ఊరికి తీసుకెళ్ళేవాడట. అప్పట్లో ఆ దారంతా ఇసుకే. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఒక శుక్రవారం ఆమెని ఎక్కించుకుని బయల్దేరితే, మూడే గేర్లున్న ఆ బండి దారిపొడుగునా ఒకటే రంకెలు. పక్కపక్కనే కూర్చుని కూడా ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. పెద్దమ్మ (ఆమె పేరు నాకు తెలియదు, మనసులో అలాగే పిలుచుకునేవాణ్ణి) ఇంటికొచ్చి ఇంకెప్పుడూ అందులో ఎక్కనందట.

"నిశ్శబ్దంగా వెళ్ళేలా చెయ్యండి. ఇంకొక్కసారి అడుగుతాను. ఆమె ఈసారీ ఎక్కనంటే, ఖలాస్, గాడీ బేచ్ దూంగా" అన్నాడు అర్బాబ్. బండి అమ్మేస్తానన్న మాట బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు. అమ్మడం ఇష్టంలేదని ఆ చెయ్యి చూస్తే తెలుస్తూనే ఉంది.

మందు సులువే. మూడు గేర్ల పెట్టె తీసేసి అయిదు గేర్లది పెట్టాలి. అయిదో గేరులో ఇంజిన్ తక్కువ తిరిగి, బండి ఎక్కువ పోతుంది. అంతవరకూ బాబాయికీ నాకూ ఒకటే మాట. తేడా వచ్చింది వెనక ఇరుసు దగ్గర. ఇంజిన్ నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు ఎన్నిసార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుందన్నది ఆ ఇరుసు లోపలి రెండు పళ్ళచక్రాల మీద ఉంటుంది. పెద్దదాన్ని క్రౌను అంటాం, చిన్నదాన్ని పినియన్ అంటాం. బాబాయి వెనక చక్రాలు రెండూ పైకెత్తి, టైరు మీదా షాఫ్టు మీదా సుద్దగీతలు గీసి, చేత్తో తిప్పి లెక్కపెట్టాడు. నాలుగు చుట్లు, ఆపైన రవ్వంత. నేనేమో ఫోన్లో లెక్కచేసి మూడు చుట్లవి వేస్తే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుందని తేల్చేశాను.

"ఉన్నయ్యి ఉండనియ్‌రా అబ్బాయ్. ముందు గేర్ బాక్సు ఎక్కించి తోలి చూద్దాం, ఇరుసు సంగతి తర్వాత" అన్నాడు బాబాయి.

"అట్ల కాదు బాబాయ్, గిది చూడు. నూట ఇరవైల పోతే ఇంజిన్ ఎంత తిరుగుతదో మొత్తం లెక్క ఉన్నది ఈడ. నాలుగు చుట్లయితే మస్తు సప్పుడైతది."

"నూట ఇరవై అని ఎవరు చెప్పారు నీకు?"

"అల్ ఐన్ రోడ్డు మీద అంతకు తక్కువ ఎవలు పోతరు బాబాయ్?"

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నేను అల్ ఐన్ రోడ్డు మీద ఏ బండీ నడపలేదు. అసలు ఈ దేశంలో ఏ రోడ్డు మీదా నడపలేదు. లైసెన్సు టెస్టులో అప్పటికి మూడుసార్లు తప్పాను. ఆ రోడ్డు గురించి నా అనుభవమంతా మేముండే లేబర్ క్యాంపు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంపాదించింది. తెల్లటి పెద్ద పెద్ద బండ్లు రివ్వున మమ్మల్ని దాటి పోతుంటే, కార్లున్నవాళ్ళంతా అలాగే పోతారనుకున్నాను. బస్సులో తిరిగే మాలో ఎవరినడిగినా అదే చెప్పేవారు. మాకు కనబడేది మమ్మల్ని దాటిపోయేవాళ్ళే కదా, మా వెనకబడిపోయేవాళ్ళు ఎలా కనబడతారు?

బాబాయి నా ఫోను వైపు ఒకసారి చూసి మళ్ళీ పనిమీదికి వంగాడు. మాస్కు వెనక నవ్వుకున్నాడో తిట్టుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఇంతలో నేను వెళ్ళి అర్బాబ్‌కి ఫోన్ చూపించి, డిప్లొమా సంగతి కూడా చెప్పాను. ఆయన "మాషా అల్లా, ముహందిస్!" అన్నాడు. ఇంజినీరు అన్న మాట అరబ్బీలో విన్నాక నన్నింక పట్టేవాళ్ళు లేకపోయారు. మూడు చుట్ల క్రౌను, పినియన్ తెప్పించాం. బాబాయి వాటిని నాలుగు రోజులు కూర్చుని, పళ్ళకి రంగు పూసి, ఒకదానిమీదొకటి ఎక్కడ ఆనుతున్నాయో చూసి చూసి బిగించాడు. తీసేసినవాటిని గ్రీజు రాసి గుడ్డలో జంటగా చుట్టి అలమరలో పెట్టాడు. "ఇవి యాభై ఏళ్ళు కలిసి అరిగినయ్యి. ఇడదియ్యకూడదు" అన్నాడు. చాదస్తమనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే ప్రయాణం. అర్బాబ్ స్టీరింగు ముందు, నేను ఆయన పక్కన, పెద్దమ్మ వెనక సీట్లో గహ్వా (అరబ్బుల కాఫీ) ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఆమెని ఒప్పించడానికి ఆయనకి వారం పట్టిందట. ముసఫ్ఫా దాటాం, బనియాస్ దాటాం. బండి చప్పుడు లేకుండా పోతోంది. నేను ఛాతీ కాస్త ముందుకి పెట్టి కూర్చున్నాను. అల్ ఐన్ రోడ్డెక్కాక అర్బాబ్ మురిపెంగా నావైపు చూసి అయిదో గేరు వేశాడు. అంతే, బండికి చలిజ్వరం వచ్చింది. ముందు స్టీరింగు వణికింది, తర్వాత అద్దాలు, తర్వాత నా మోకాళ్ళు. (మోకాళ్ళ వణుకులో బండి వాటా ఎంతో, నా సొంతమెంతో చెప్పలేను.) వెనకనుంచి గహ్వా కప్పులు టకటకమంటున్నాయి. ఇంజిన్ మరీ తక్కువ తిరిగి, అంత బరువు లాగలేక మూలుగుతోంది.

"అర్బాబ్, స్పీడ్ బఢావో" అన్నాను.

"కిత్నా?"

"ఏక్ సౌ బీస్."

ఆయన స్టీరింగు వదలకుండానే తల తిప్పి నన్ను చూశాడు. "నూట ఇరవైయా? యా వలదీ, ఓ అబ్బాయీ, ఈ బండిని నేను జన్మలో ఎనభై దాటించలేదు" అన్నాడు.

అప్పుడు చూశాను మీటరు వైపు. సూది ఎనభైకి కాస్త ఇవతలే నిలబడి ఉంది. ఇక్కడ నెమ్మదిగా పోయేవాళ్ళకి వదిలేసే కుడిచివర లైన్లో, ఎవరికీ అడ్డం లేకుండా, ఏ తొందరా లేకుండా పోతున్నాం. పక్కనుంచి ఒక బస్సు మమ్మల్ని దాటిపోయింది. అది లేబర్ క్యాంపు బస్సు. కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడొకడు జాలిగా మావైపు చూశాడు. కారులో పోయేవాళ్ళని క్యాంపు బస్సు దాటి పోతుందని నా లెక్కలో లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

పెట్రోలు బంకు దగ్గర పెద్దమ్మ ఆపమంది. ఆమె అరబ్బీలో ఏదో అంటే అర్బాబ్ నాకు హిందీలో చెప్పాడు: "ఇదివరకు అది అరిచేది, మాట వినపడేది కాదు. ఇప్పుడు నా పళ్ళు కొట్టుకుంటున్నాయి, మాట బయటికే రావడం లేదు అంటోంది." ఆమె కొడుక్కి ఫోన్ చేసి, అతని కారు వచ్చాక అందులో ఎక్కి వెళ్ళిపోయింది. అర్బాబ్ బండి వెనక్కి తిప్పాడు. తిరిగొస్తూ ఎనభైలోనే, నాలుగో గేరులోనే నడిపాడు. గ్యారేజీ దగ్గర దిగి, తాళాలు నా చేతిలో పెట్టి, "కొనేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన చిన్నబుచ్చుకున్న ముఖం చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా తెలివికి ఆయన బండి పోతోంది.

బాబాయికి అంతా చెప్పాను. ఆయన విని విని, "ఆయన ఎంతలో తోల్తాడో నువ్వడగలేదు. నేనన్నా అడగాల్సింది, అడగలేదు. ఇందులో నాకూ వాటా ఉందిలే. ఎల్లి ఇప్పుడడుగు" అన్నాడు.

"ఇప్పుడు అడిగితే ఏం ఫాయిదా బాబాయ్? అమ్ముతున్నడు కదా."

"అమ్మలేదుగా ఇంకా. ఎల్లు."

అర్బాబ్ ఇంటి వాకిట్లో నిలబడి, చెమటలు కక్కుకుంటూ, ముందే అడగవలసినవన్నీ అప్పుడు అడిగాను. ఎంత స్పీడులో వెళ్తారు, ఎక్కడెక్కడ ఆగుతారు, బండిలో ఇంకెవరుంటారు. ఆయన అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో "ఈ బండి గురించి చాలామంది నాకు చెప్పారు. అడిగింది నువ్వే" అన్నాడు. ఇంకొక్క వారం ఆగండి అన్నాను. "వారమే" అన్నాడు.

అలమరలోంచి పాత జంట బయటికొచ్చింది. డీజిల్‌తో నేనే కడిగాను. బాబాయి మళ్ళీ నాలుగు రోజులు కూర్చుని బిగించాడు, మొదటిసారికన్నా నెమ్మదిగా. ఈసారి నేను తొందరపెట్టలేదు. ఆయన ఎనభైకి లెక్క చెయ్యమన్నాడు, ఫోన్లో చేసి చూపించాను. కొత్త గేర్ బాక్సు ఒక్కటే చాలు, వెనక ఇరుసుని అసలు ముట్టుకోనక్కర్లేదని తేలింది. ఆయన మొదటిరోజు అన్నమాట అదే. గుర్తుచేస్తాడేమోనని కాసేపు నిలబడ్డాను. ఆయన చేతులు తుడుచుకుని టీకి వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం పెద్దమ్మ వచ్చింది. ఎలా ఒప్పుకుందో నాకు తెలియదు. ఒక షరతు మాత్రం పెట్టిందట: ఆమె ముందు సీట్లో కూర్చుంటుంది, ముహందిస్ వెనక సీట్లో కూర్చోవాలి, వణుకొస్తే ముందు వాడికే రావాలి. నాకు న్యాయంగానే తోచింది. ఆ ముందు రెండు రాత్రులు నాకు కంటిమీద కునుకు లేదు. వెనక్కి ఎక్కి, ముందు సీటు గట్టిగా పట్టుకుని, అయిదో గేరు కోసం ఊపిరి బిగబట్టాను. అర్బాబ్ వేశాడు. ఏమీ కాలేదు. బండి గుర్రు పెడుతున్న పిల్లిలా సాగిపోయింది. బనియాస్ తర్వాత మలుపు వరకూ నాకు గుర్తుంది.

"ముహందిస్... ముహందిస్..." అని ఎవరో గుసగుసగా పిలుస్తుంటే కళ్ళు తెరిచాను. ఎదురుగా ఖర్జూరపు తోట. అల్ ఐన్! నా మీద పెద్దమ్మ శాలువా కప్పి ఉంది. ఎగిరి కూర్చుని, బండి ఎలా వచ్చిందో, ఎక్కడైనా వణికిందేమో అడగబోయాను. అర్బాబ్ నవ్వి, "గంటన్నర నించి ఇద్దరం గుసగుసలాడుకుంటూ వచ్చాం. గట్టిగా మాట్లాడబోతే తిడుతోంది, పిల్లవాడు లేస్తాడని" అన్నాడు. పెద్దమ్మ నాకు గహ్వా పోసిచ్చింది. బండి అమ్మకం సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

తిరిగొచ్చాక బాబాయి అడిగాడు: "ఎలా పోయిందిరా బండి?"

"నాకెరుక లేదు బాబాయ్. నిద్రపోయిన."

"ఆయ్, అయితే బానే పోయినట్టు" అన్నాడాయన, చూస్తున్న నట్టు మీదనుంచి చూపు తిప్పకుండానే.

ఇప్పుడు నాకు లైసెన్సుంది (అయిదోసారికి), పాత బండ్ల పనీ నా చేతికే వచ్చింది. ఎవరైనా పాత బండి తెస్తే ఫోన్ తియ్యను. ఎంతలో పోతారు, పక్కన ఎవరు కూర్చుంటారు అని ముందు అడుగుతాను. "నువ్వు మెకానిక్‌వా, పెళ్ళిళ్ళ పేరయ్యవా?" అన్నాడు మొన్నొక నెల్లూరాయన. అననీ. అన్నీ తెలిసిన ఆ ఇరవై మూడేళ్ళ ఇంజినీరు తన బండి పరీక్షంతా నిద్రలోనే చేశాడని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ నిద్రపోలేదు నేను.